ముందు ఎవరికి పరీక్ష? జన్యు పరీక్షలపై పాఠకుల ప్రశ్నలు, వైద్యుల సమాధానాలు

జన్యు పరీక్షల గురించి సందేహాలు రాసి పంపమని గత సంచికలో కోరగా విజయవాడ, గుంటూరు నగరాల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువమంది ‘మేము ఏ పరీక్ష చేయించుకోవాలి’ అని అడిగారు. అది అడగదగిన ప్రశ్నే. అయితే దానికంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: కుటుంబంలో ముందుగా ఎవరికి పరీక్ష చేయాలి, ఫలితం తెలిశాక మనం చేయబోయే పనిలో ఏమి మారుతుంది? ఈ రెంటికీ జవాబు లేకుండా చేయించిన పరీక్ష, ఎంత ఖరీదైనదైనా, బీరువాలో దాచుకునే కాగితంగానే మిగిలిపోతుంది. ఒకే రకం ఉత్తరాలను కలిపి, పేర్లు తీసివేసి, ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. మా అన్నయ్య కొడుక్కి ఇచ్చి చేయాలని చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నాం. వచ్చే మాఘమాసంలో ముహూర్తం పెట్టుకోవాలని ఉంది. అమ్మాయికి రక్తం తక్కువగా ఉందని రెండేళ్లుగా ఐరన్ మాత్రలు వాడుతున్నా పెరగడం లేదు. రక్తపరీక్ష కాగితం జతచేశాను. మేనరికం కాబట్టి ఇద్దరికీ జన్యువులన్నీ చూసే పెద్ద పరీక్ష చేయించమని ఒక ల్యాబ్ వారు అంటున్నారు. అంత ఖర్చు మాకు భారమే. చేయించాలా? – ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు పంపిన ఆ ఒక్క కాగితంలోనే చాలా సంగతి ఉంది. హిమోగ్లోబిన్ 10.4 గ్రాములని అందరూ చూశారు, మాత్రలు రాశారు. దాని కిందనే రెండు అంకెలున్నాయి. ఎర్ర రక్తకణం పరిమాణాన్ని చెప్పే ఎంసీవీ 63 ఉంది. అది 80కి పైన ఉండాలి. అంటే కణాలు బాగా చిన్నవిగా ఉన్నాయి. కణాల సంఖ్య మాత్రం 57 లక్షలు ఉంది, ఆడపిల్లలకు సాధారణంగా ఉండేదానికంటే ఇది ఎక్కువ. ఐరన్ లోపం ముదిరితే కణాలు చిన్నవి కావడంతో పాటు వాటి సంఖ్య కూడా తగ్గుతుంది. ఇక్కడ సంఖ్య తగ్గలేదు సరికదా, పెరిగింది. ఎంసీవీని మిలియన్లలో లెక్కించిన కణాల సంఖ్యతో, అంటే 63ను 5.7తో భాగిస్తే సుమారు 11 వస్తుంది. ఈ లెక్క 13 కంటే తక్కువ వచ్చినప్పుడు బీటా థలసీమియా వాహకత్వం ఉందేమోనని అనుమానించాలి. ఇది అనుమానమే తప్ప నిర్ధారణ కాదు. థలసీమియా అంటే హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని వంశపారంపర్య రక్తజబ్బు. ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవారిని వాహకులు అంటారు.

నిర్ధారణకు జన్యువులన్నీ చూసే పరీక్ష అవసరం లేదు. హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూస్తారు. అందులో హెచ్‌బీఏ2 అనే రకం 3.5 శాతానికి మించితే థలసీమియా వాహకురాలని చెప్పవచ్చు. మీకు చెప్పిన పెద్ద పరీక్ష ఖరీదులో ఇది చాలా చిన్న భాగం. దీనితో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూడమని అడగండి. ఐరన్ లోపం కూడా ఉంటే హెచ్‌బీఏ2 కొంత తగ్గి కనిపించి, ఉన్న వాహకత్వాన్ని దాచేయవచ్చు. ఫెరిటిన్ సరిగ్గా ఉంటే మాత్రం ఐరన్ మాత్రలు ఆపేయాలి. వాహకులకు అవి పనిచేయకపోగా, ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో ఐరన్ అనవసరంగా పేరుకుంటుంది.

మీ అమ్మాయి వాహకురాలే అని తేలినా ఆమె రోగి కాదు. చదువుకుంటుంది, ఉద్యోగం చేస్తుంది, పిల్లల్ని కంటుంది. కొద్దిగా రక్తం తక్కువగా కనిపించడం తప్ప ఆమెకు వచ్చే కష్టం లేదు. భార్యాభర్తలిద్దరూ వాహకులైనప్పుడే సమస్య వస్తుంది. అప్పుడు ప్రతి గర్భంలోనూ బిడ్డకు థలసీమియా మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, ఎక్కించిన రక్తం వల్ల చేరే ఐరన్‌ను తీసివేసే మందులు జీవితాంతం ఇవ్వాలి. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. అది పొరపాటు. ప్రతి గర్భానికీ అదే 25 శాతం.

అమ్మాయి ఫలితం రాగానే పరీక్ష చేయించుకోవలసింది మీరు. మీ నుంచి ఆమెకు ఈ జన్యువు వచ్చి ఉంటే మీ అన్నగారికీ ఉండే అవకాశం సగం, ఆయన కుమారుడికి అందులో సగం, అంటే నాలుగింట ఒకటి. మీకు లేదని తేలితే అది అమ్మాయి నాన్నగారి వైపు నుంచి వచ్చినట్లు. అప్పుడు ఈ మేనరికం వల్ల ఆ ఒక్క జబ్బుకు సంబంధించి ప్రత్యేకమైన భయం లేదు. ఏది తేలినా పెళ్లికొడుకు కూడా ఒకసారి హెచ్‌పీఎల్‌సీ చేయించుకోవడం తప్పనిసరి అని నా సలహా, ఎందుకంటే మన దేశంలో సగటున నూటికి ముగ్గురు నలుగురు వాహకులు ఉన్నారు, వారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఇద్దరూ వాహకులే అయితే? అప్పుడు డీఎన్‌ఏ పరీక్షకు సమయం వచ్చినట్టు. ఇద్దరి జన్యువులోనూ ఏ మార్పు ఉందో గర్భం రాకముందే గుర్తించి పెట్టుకోవాలి. గర్భం 11 వారాలు దాటాక మాయ నుంచి చిన్న ముక్క తీసి గానీ, 16 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి గానీ బిడ్డకు జబ్బు ఉందో లేదో చెప్పగలరు. తల్లిదండ్రులలోని మార్పు ముందుగా తెలియకపోతే ఆ కొద్ది వారాలూ వెతుకులాటలోనే గడిచిపోతాయి. గర్భం దాల్చిన తర్వాత హడావుడిగా పరిగెత్తుకొచ్చే దంపతులను చూసినప్పుడల్లా, ఈ మాట పెళ్లికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదని నాకు బాధ కలుగుతుంది.

సైప్రస్ దీవిలో థలసీమియా ఎంత ఎక్కువంటే, 1970ల్లో ఆ చిన్న దేశపు వైద్యశాఖకు ఇదే పెద్ద బరువు. పెళ్లికి ముందు రక్తపరీక్ష చేయించుకున్నట్టు పత్రం చూపాలని అక్కడి చర్చి కూడా నియమం పెట్టింది. వాహకులమని తెలిసిన జంటల్లో చాలామంది పెళ్లి మానుకోలేదు. తెలిసి చేసుకున్నారు, గర్భంలో పరీక్ష చేయించుకున్నారు. థలసీమియాతో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సున్నాకు చేరింది. కాబట్టి ఫలితం వస్తే సంబంధం చెడిపోతుందన్న భయంతో పరీక్షను వాయిదా వేయవద్దు.

ఇక మేనరికం సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో రక్తసంబంధీకుల మధ్య జరిగే పెళ్లిళ్లు నాలుగింట ఒకటికి దగ్గరగా ఉన్నాయి. ఇన్ని ఇళ్లను దోషుల్లా చూసి మందలించడం వైద్యం కాదు. వాస్తవం ఇదీ: ఏ దంపతులకైనా తీవ్రమైన పుట్టుకలోపంతో బిడ్డ పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లి జరిగితే అది సుమారుగా రెట్టింపవుతుంది. మేనమామనే చేసుకుంటే ఇంకా ఎక్కువ. మీ రెండు కుటుంబాల వంశవృక్షం గీయండి: మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, మేనరికపు పెళ్లికి జంట గీత. చిన్న వయసులో పోయిన పిల్లలు, పుట్టుచెవుడు, బుద్ధిమాంద్యం, నడవలేకపోవడం వంటివి ఎక్కడున్నా గుర్తు పెట్టండి. అటువంటివి కనిపిస్తే ఆ కాగితంతో జన్యు వైద్య నిపుణులను కలవండి. అప్పుడు పెద్ద పరీక్షకు అర్థం ఉంటుంది. ఏమీ కనిపించకపోతే ముందు హెచ్‌పీఎల్‌సీ వరకు చేయించి, ఆ తర్వాత ఆలోచించవచ్చు.

ప్రశ్న: మేము ఆర్యవైశ్యులం. మా చెల్లెలికి సిజేరియన్ చేసినప్పుడు మత్తు ఇచ్చాక చాలాసేపు సొంతంగా ఊపిరి తీసుకోలేకపోయింది. కొన్ని గంటలు వెంటిలేటర్ మీద ఉంచి, ఏదో ఎంజైమ్ తక్కువ అన్నారు. ఇప్పుడు నాకు హెర్నియా ఆపరేషన్ చేయాలంటున్నారు. నేను భయపడాలా? మా కులంలో అందరూ జన్యు పరీక్ష చేయించుకోవాలా? – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: భయపడనక్కర లేదు కానీ, ఈ విషయం మీ సర్జన్‌కూ, ముఖ్యంగా మత్తు డాక్టర్‌కూ చెప్పకుండా ఆపరేషన్ బల్ల ఎక్కవద్దు. గొంతులోకి గొట్టం వేసేటప్పుడు కండరాలను క్షణాల్లో సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దానిని విరిచేస్తుంది కనుక కొద్ది నిమిషాల్లోనే దాని ప్రభావం పోతుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లేనివారిలో అదే మోతాదు గంటల తరబడి పనిచేస్తుంది. ఆపరేషన్ ముగుస్తుంది, కుట్లు పడతాయి, మనిషి మాత్రం కనురెప్ప కదపలేడు, ఛాతీ లేవదు. ఇది ముందుగా ఊహించిన మత్తు డాక్టర్ ఏమీ కంగారు పడకుండా వెంటిలేటర్ మీద ఉంచి, మందు దానంతట అది పోయేదాకా నిద్రమత్తు కొనసాగిస్తారు. ఊహించనప్పుడే ప్రమాదం. మీ చెల్లెలిని కాపాడినవారు సరైన పనే చేశారు.

ఈ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొక మార్పు వచ్చినప్పుడు బయటపడుతుంది. చెల్లెలికి ఉందంటే తోడబుట్టిన మీకూ ఉండే అవకాశం నాలుగింట ఒకటి. పరీక్ష సులువైనది. రక్తంలో కోలినెస్టరేజ్ ఎంత ఉందో చూస్తే మొదటి సమాచారం దొరుకుతుంది. పురుగుమందు తాగి వచ్చినవారికి ఇదే పరీక్ష చేస్తారు కనుక, పత్తి, మిరప పండే ఈ ప్రాంతపు ఆసుపత్రులకు ఇది కొత్తది కాదు. గర్భంలోనూ, కాలేయ జబ్బుల్లోనూ ఇది కొంత తగ్గుతుంది కాబట్టి, తక్కువ వస్తే ఈ ఎంజైమ్‌ను తయారుచేసే బీసీహెచ్‌ఈ జన్యువు పరీక్షతో నిర్ధారించుకోవచ్చు. లోపం ఉందని తేలితే సక్సినైల్‌కోలిన్, మివాక్యురియం అనే రెండు మందులు మాత్రం వాడకూడదు. వాటికి బదులు రోక్యురోనియం వంటివి ఉన్నాయి. రోజువారీ జీవితంలో ఈ లోపం వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఒక చీటీ మీద ఈ రెండు మందుల పేర్లు రాసి పర్సులో పెట్టుకోండి. మీ పిల్లలకూ, అన్నదమ్ములకూ చెప్పండి.

ఇక కులం గురించి అడిగారు, దాచకుండా చెబుతాను. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన శాస్త్రవేత్త కె. తంగరాజ్, అమెరికన్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. దక్షిణాసియాలోని 263 సముదాయాల డీఎన్‌ఏ చూస్తే, వాటిలో 81 సముదాయాలు చాలా తరాల క్రితం కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినవని తేలింది. ఇటువంటి చరిత్రకు పేరుపడిన ఫిన్లండ్ ప్రజల కంటే కూడా వీటిలో ఆ ప్రభావం ఎక్కువ. అందులో వైశ్య సముదాయాన్ని ఉదాహరణగా చూపి, ఈ ఎంజైమ్ లోపం ఇతరులలో కంటే వారిలో సుమారు 100 రెట్లు ఎక్కువగా కనిపిస్తుందని రాశారు. పరిశోధన పత్రం రాకముందే మన ప్రాంతపు మత్తు డాక్టర్లకు ఇది అనుభవంతో తెలుసు. ఆపరేషన్‌కు ముందు కులం అడిగితే అవమానంగా భావించవద్దు. ఈ ఒక్క విషయంలో ఆ ప్రశ్న ప్రాణం కాపాడుతుంది. అలాగే ఇది ఒక్క కులానికే అంటిన లోపం కాదు. తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ప్రతి సముదాయంలోనూ ఇటువంటిది మరొకటి ఉంటుంది. ఒకరికి ఎంజైమ్ అయితే ఇంకొకరికి చెవుడు, మరొకరికి కండరాల జబ్బు. వైశ్యులలో ఇది తెలిసింది కనుక జాగ్రత్తపడగలుగుతున్నాం, మిగతావారిలో చాలావరకు ఇంకా తెలియదు.

కులంలో అందరికీ డీఎన్‌ఏ పరీక్ష అవసరం లేదు. మత్తుతో కష్టపడినవారు కుటుంబంలో ఉన్నవారు తప్పక చేయించుకోవాలి. మిగిలినవారు ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్‌కు ఒక మాట చెబితే చాలు, ఆయన వేరే మందు ఎంచుకుంటారు.

ప్రశ్న: నాన్నగారికి దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్షకు పంపారు. అది ‘జీన్ టెస్ట్’ అని అక్కడివారు అన్నారు. టీబీ వంశపారంపర్యమా? చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. – మంగళగిరి

జవాబు: కాదు. టీబీ గాలి ద్వారా సోకే జబ్బు. ఆ పరీక్షలో చూసేది మీ నాన్నగారి జన్యువులను కాదు, తెమడలో ఉన్న క్షయ క్రిమి జన్యువులను. సీబీనాట్, ట్రూనాట్ అని పిలిచే ఈ పరీక్షలు క్రిమి ఉందో లేదో చెప్పడమే కాక, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడా క్రిమిలోని ఒక జన్యువును చూసి సుమారు రెండు గంటల్లో చెబుతాయి. ఇదే సంగతి తెలుసుకోవడానికి పూర్వం క్రిమిని పెంచి చూడవలసి వచ్చేది, వారాలు పట్టేది. ఆ వారాల్లో రోగి పనిచేయని మందులు మింగుతూ, ఇంట్లో వారికి మొండి టీబీ అంటిస్తూ ఉండేవాడు. ట్రూనాట్ మన దేశంలోనే, గోవాలో తయారైన పరికరం. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి పీహెచ్‌సీలోనూ వాడవచ్చు. జన్యు పరీక్ష ప్రజారోగ్యానికి ఎక్కడ ఎక్కువ మేలు చేస్తోందని నన్నడిగితే, ఖరీదైన ప్యాకేజీల్లో కాదు, ప్రభుత్వం ఉచితంగా చేసే ఈ తెమడ పరీక్షలోనని చెబుతాను. టీబీ ఉందని ఫలితం వస్తే వెంటనే ఇంట్లో అందరూ, చెల్లితో సహా, టీబీ పరీక్ష చేయించుకోండి. నాన్నగారు మందులు పూర్తిగా వాడితే జబ్బు నయమవుతుంది. సంబంధాలు ఆపవలసిన పనిలేదు.

ప్రశ్న: మా అమ్మకు 42వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది, చికిత్స జరుగుతోంది. మా పిన్ని అండాశయ క్యాన్సర్‌తో పోయింది. నాకు 30 ఏళ్లు, ఒక పాప. నేను వెంటనే బీఆర్‌సీఏ పరీక్ష చేయించుకోవాలనుకుంటున్నాను. పాజిటివ్ వస్తే బీమా ఇవ్వరని స్నేహితులు భయపెడుతున్నారు. – పటమట, విజయవాడ

జవాబు: మీ ఆలోచన సరైనదే. బీఆర్‌సీఏ అనేవి రొమ్ము, అండాశయ క్యాన్సర్లు రాకుండా కాపాడే జన్యువులు, వాటిలో మార్పు ఉంటే ఆ ముప్పు పెరుగుతుంది. కానీ మొదట రక్తం ఇవ్వవలసింది మీరు కాదు, మీ అమ్మగారు. ఆమెలో మార్పు దొరికితే మీలో ఆ ఒక్కచోట చూస్తే సరిపోతుంది. అప్పుడు ‘లేదు’ అని వస్తే ఆ మాటకు విలువ ఉంటుంది, మీ ముప్పు సాధారణ స్త్రీలతో సమానమని ధైర్యంగా చెప్పవచ్చు. అమ్మగారికి చేయకుండా మీకే చేసి ‘లేదు’ అని వస్తే, అది నిజంగా లేదో, ఇంట్లో ఉన్నది వేరే జన్యువు వల్లనో తేలదు. ఇటువంటి ‘నార్మల్’ రిపోర్టుతో నిశ్చింతగా ఉండిపోవడమే ఎక్కువ ప్రమాదం.

అమ్మగారికి పరీక్ష చేయడం వల్ల ఆమెకూ లాభం ఉంది. బీఆర్‌సీఏ మార్పు ఉన్న క్యాన్సర్లలో ఓలాపరిబ్ వంటి ప్రత్యేకమైన మందులు పనిచేస్తాయి. రెండో రొమ్ము, అండాశయాల విషయంలోనూ నిర్ణయాలు మారతాయి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యమైనవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. కానీ చిన్న వయసులో రావడం, ఒకే కుటుంబంలో అండాశయ క్యాన్సర్ కూడా ఉండడం చూస్తే మీ కుటుంబాన్ని ఆ కొద్దిమందిలో లెక్కించి చూడాలి.

మీకూ ఆ మార్పు ఉందని తేలితే, 80 ఏళ్ల వయసు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 70 వరకు ఉంటుంది. వినడానికి కఠినమైన మాటే. అయితే అది తెలిసినవారికి చేయగలిగినది ఎంతో ఉంది: ఏటా ఎంఆర్‌ఐ, మామోగ్రామ్ చేయించుకోవడం, పిల్లలు చాలనుకున్నాక 35 నుంచి 45 ఏళ్ల మధ్య, ఏ జన్యువు అన్నదాన్ని బట్టి, అండాశయాలు తీయించుకోవడం, కోరుకుంటే రొమ్ములు తీయించుకోవడం. ఇవేవీ ఒక్క రోజులో తేల్చుకోవలసినవి కావు. మీ పాపకు ఇప్పుడు పరీక్ష వద్దు. పెద్దయ్యాక తానే నిర్ణయించుకుంటుంది. మీ మేనమామలకు, అన్నదమ్ములకు కూడా చెప్పండి. ఈ మార్పు మగవారి ద్వారా కూడా కూతుళ్లకు వస్తుందన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు, తండ్రి వైపు క్యాన్సర్లను అసలు లెక్కలోకే తీసుకోరు. ఒక్కోసారి ‘అర్థం తేలని మార్పు’ అని రిపోర్టు వస్తుంది. దాని ఆధారంగా ఏ ఆపరేషనూ చేయించుకోకూడదు.

బీమా గురించి: జన్యుసంబంధమైన జబ్బులను ఆరోగ్య బీమా పాలసీల నుంచి మినహాయించకూడదని 2018లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలను ఆదేశించింది. జీవిత బీమా లెక్క వేరు. అది తీసుకోవాలనుకుంటే షరతులు చదివి, అడిగినదానికి నిజమే చెప్పండి.

ప్రశ్న: ఉమ్మి పంపితే ఏయే జబ్బులు వస్తాయో చెప్పే కిట్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఇంటిల్లిపాదికీ తెప్పించమంటారా? – అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వద్దు. షుగరు, బీపీ, గుండెజబ్బు వంటివి వందల జన్యువులు, తిండి, శ్రమ, నిద్ర, బరువు అన్నీ కలిసి వచ్చేవి. అమ్మానాన్నలకు షుగరు ఉందా అని అడిగితే తెలిసేదానికంటే ఈ కిట్ చెప్పేది పెద్దగా ఎక్కువ ఉండదు. వీటిని కొందరు జాతకంలా చదువుకుని, ముప్పు తక్కువని వస్తే నడక మానేస్తున్నారు. మరో సంగతి, అమెరికాలో ఇటువంటి కిట్లు అమ్మే 23అండ్‌మీ అనే సంస్థకు బీఆర్‌సీఏ పరీక్ష నేరుగా అమ్ముకోవడానికి 2018లో అనుమతి వచ్చినప్పుడు అది చూసేది మూడే మార్పులను. అవి తూర్పు ఐరోపా యూదులలో ఎక్కువగా ఉండేవి. అందులో ‘లేదు’ అని వచ్చినంత మాత్రాన తెలుగు ఇంటికి ఒరిగేదేమీ లేదు. అదే సంస్థ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది సమాచారం దొంగిలించబడింది, 2025లో సంస్థ దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, డీఎన్‌ఏను మార్చుకోలేము. పైగా అది మీ ఒక్కరిదే కాదు, మీ పిల్లలదీ, తోడబుట్టినవారిదీ కూడా.

ప్రశ్న: ప్రభుత్వమే అందరికీ జన్యు పరీక్షలు చేస్తే జబ్బులు ముందే అరికట్టవచ్చు కదా? – నాగార్జున విశ్వవిద్యాలయం విద్యార్థి

జవాబు: అందరికీ అన్నీ చేయడం కంటే, ఎవరికి ఏది చేస్తే మేలో ఎంచుకుని చేయడం మంచిది. ఆ దిశలో కొంత జరుగుతోంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకుంది. మన రాష్ట్రమూ అందులో ఉంది. అక్కడ ఆశా కార్యకర్త వేలి నుంచి తీసే రక్తపు చుక్కతో పని మొదలవుతుంది, అనుమానం వస్తే హెచ్‌పీఎల్‌సీతో నిర్ధారిస్తారు. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. అది ఉన్న బిడ్డను ముందే గుర్తిస్తే టీకాలు, పెన్సిలిన్, హైడ్రాక్సీయూరియా మందుతో ఆ బిడ్డ జీవితమే మారుతుంది.

పరిశోధన వైపు చూస్తే, 2020లో మొదలైన జీనోమ్ ఇండియా పథకంలో పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలు చదివి, ఆ సమాచారాన్ని 2025 జనవరిలో శాస్త్రవేత్తలకు అందుబాటులోకి తెచ్చారు. ఇది మనకు ఎందుకు కావాలంటే, పాశ్చాత్య దేశాల్లో తయారైన పట్టికల్లో మన మార్పులు ఉండవు. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు లోపించడం దక్షిణాసియావాసుల్లో నూటికి నలుగురిలో ఉందనీ, గుండె వైఫల్యానికి అది దారితీస్తుందనీ 2009లో బయటపెట్టినది సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కూడిన బృందమే. మన రక్తంలో వెతికితేనే అది కనిపించింది.

అయినా నా చేతిలో ఖర్చు పెట్టడానికి కొద్ది డబ్బే ఉంటే జీనోమ్‌లు, అంటే పూర్తి జన్యుక్రమాలు చదవడం మీద పెట్టను. గర్భిణులందరికీ మొదటి నెలల్లోనే హెచ్‌పీఎల్‌సీ, పుట్టిన ప్రతి బిడ్డకూ రెండు రోజులు దాటాక మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తీసి చేసే పరీక్ష, ఈ రెండూ ముందు చేయిస్తాను. మడమ పరీక్ష చాలావరకు డీఎన్‌ఏ పరీక్ష కాదు, అయినా పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డను అది పట్టిస్తుంది. మొదటి రెండు మూడు వారాల్లో చవకైన థైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలా చదువుకుంటుంది, ఆలస్యమైతే బుద్ధిమాంద్యం మిగిలిపోతుంది. కేరళ తన ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో ఇది చేస్తోంది. మనమూ చేయగలం. దానితో పాటు ఫలితాన్ని తెలుగులో, కుటుంబానికి అర్థమయ్యేలా కూర్చోబెట్టి చెప్పగల జన్యు సలహాదారులు ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ కావాలి. నీవంటి విద్యార్థులు ఈ చదువు వైపు రావాలని మనసారా కోరుతున్నాను.

ప్రశ్న: మా బాబుకు మూడో నెలలోనే షుగరు వచ్చింది. రోజూ ఇన్సులిన్ సూదులు వేస్తున్నాం. ఇప్పుడు ఏడాది నిండింది. జీవితాంతం ఇంతేనా? – తెనాలి

జవాబు: ఈ సంచికలో వెంటనే జన్యు పరీక్ష చేయించమని నేను గట్టిగా చెప్పే ఉత్తరం మీది. ఆరు నెలల లోపు వచ్చే షుగరు దాదాపు ఎప్పుడూ మామూలు టైప్ 1 కాదు, ఒకే జన్యువులోని మార్పు వల్ల వచ్చేది. కేసీఎన్‌జే11 అనే జన్యువులో మార్పు దీనికి ఒక ముఖ్య కారణమని 2004లో కనుగొన్నారు. ఏబీసీసీ8 అనేది దానితో కలిసి పనిచేసే జన్యువు. వీటిలో మార్పు ఉన్న పిల్లల క్లోమంలో ఇన్సులిన్ తయారవుతూనే ఉంటుంది, కానీ బయటికి విడుదల కాదు. పెద్దల షుగరుకు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న గ్లైబెన్‌క్లమైడ్ మాత్ర ఆ అడ్డును తొలగిస్తుంది. కేసీఎన్‌జే11 మార్పు ఉన్నవారిలో పదింట తొమ్మిది మంది వరకు ఇన్సులిన్ సూదులు మానేసి మాత్రలతోనే షుగరును అదుపులో ఉంచుకోగలిగారు.

బాబు రక్తంతో పాటు మీ ఇద్దరి రక్తం కూడా పంపాలి. అప్పుడే ఆ మార్పు కొత్తగా బాబులోనే వచ్చిందా, తర్వాతి బిడ్డకూ వచ్చే అవకాశం ఉందా అన్నది చెప్పగలరు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ ఈ రకం షుగరు మీద చాలాకాలంగా పనిచేస్తోంది. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. మీ పిల్లల డాక్టరు గారితో ఉత్తరం రాయించుకుని, షుగరు మొదట బయటపడిన తేదీ, అప్పటి బాబు బరువు, ఇప్పుడు ఇస్తున్న ఇన్సులిన్ మోతాదు, మెడ నిలపడం, కూర్చోవడం, నిలబడడం ఏ నెలల్లో మొదలయ్యాయో ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. ఫలితం చేతికి వచ్చేవరకు ఇన్సులిన్ ఒక్క పూట కూడా ఆపవద్దు. మాత్రలకు మార్చవలసి వస్తే ఆసుపత్రిలో చేర్చుకుని, మాత్ర మోతాదు పెంచుతూ ఇన్సులిన్ తగ్గిస్తూ మారుస్తారు. ఆ పని ఇంట్లో మీరుగా ప్రయత్నించవద్దు.